పెరుగన్నం తిన్న బాతులు

బాతులకు రెండు పూటలా పెరుగన్నం పెట్టిన ఇల్లు ఆబిడ్స్ మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. తలచుకుంటే నవ్వు రావాలి. నాకింకా రావడం లేదు.

మా అత్తగారికి ఒక చెల్లెలు ఉండేది, కాచిగూడలో. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు. పొద్దున వండిన కూర దగ్గర మొదలైన మాటలు చిన్నప్పుడు గోదావరి కాలవలో చూసిన బాతుల దాకా వెళ్ళేవి. ఆ చెల్లెలు పోయాక అత్తగారు మంచం దిగడం మానేశారు. జబ్బంటూ ఏమీ లేదు. డాక్టర్లు ఉన్న పరీక్షలన్నీ చేసి, వయసు అని తేల్చారు. కంచం మంచం దగ్గరికే తీసుకెళ్తే రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి పడుకునేవారు. ఇంట్లో ఒక మనిషి అలా గోడను చూస్తూ ఉంటే మిగతావాళ్ళకు తిండి సయించదు. ఇలాగే సాగితే ఆవిడ మనకు దక్కరని నాకు భయం పట్టుకుంది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా తత్వం.

ఆ కోపమంతా ఒక సాయంత్రం మా ఆయన మీద పడింది. గన్‌ఫౌండ్రీలోని బ్యాంకు నుంచి తిన్నగా ఇంటికి రావలసిన మనిషి పాతబస్తీ పక్షుల బజారు చుట్టి, ఒక అట్టపెట్టెతో వచ్చారు. అందులో రెండు బాతుపిల్లలు, పసుపు రంగువి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి.

"అమ్మ కోసం" అన్నారు.

"కడిగేది ఎవరు?" అన్నాను.

ఆయన పెట్టెను అమ్మ మంచం పక్కన దించారు. ఆ కిచకిచలు విని అత్తగారు గోడవైపు నుంచి ఇటు తిరిగారు. మర్నాడు పొద్దున రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ డాబా మీదికి ఎక్కారు. నేను వెనకాలే నడిచాను, పడితే పట్టుకుందామని. ఆవిడ పడలేదు. కింద చతికిలబడి, చీర చెంగులో ఆ రెండింటినీ వేసుకుని, ఎన్నో వారాల తరువాత నన్ను ఒక మాట అడిగారు: "వీటికి పాలు పట్టావా?" నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. బాతులు ఉండనీ అని మనసులో ఒప్పుకున్నది అప్పుడే.

మేముండేది ఆబిడ్స్ చెప్పుల దుకాణాల వెనక సందులో, పాత బిల్డింగులో పై అంతస్తు. డాబా కూడా మా కిరాయిలోదే. అక్కడ నిలబడితే నాంపల్లి స్టేషన్‌లో బండ్ల కూత వినిపిస్తుంది కానీ గుప్పెడు మట్టి కనిపించదు. అటువంటి చోట మేం బాతులు పెంచడానికి దిగాం, వాటి గురించి ముగ్గురికీ ఓనమాలు తెలియకుండానే. మా ఆయన కుర్చీలో కూర్చుని ఫోన్‌లో చదివి చెప్పేవారు. పిల్లలకు వెచ్చదనం కావాలట, బల్బు పెట్టు. లోతు నీళ్ళలో వదలకూడదట, తల్లి లేని పిల్లలు తడిసి చలికి చచ్చిపోతాయట, పళ్ళెంలో కాసిని నీళ్ళు పొయ్. చెప్పేవాడికి చేసేవాడు లోకువ. నేను బల్బు పెట్టాను, పళ్ళెంలో నీళ్ళు పోశాను. అవి ఆ నీళ్ళను క్షణంలో బురద చేసి, ఆ బురదను గోడ దాకా చిమ్మి, దాని మీదే రెట్టలు వేసేవి. ఉదయం కడిగితే మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. తొక్కింది ఒకరు, మురిసింది ఇంకొకరు, కడిగింది మాత్రం నేను.

మా ఆయన బాతుల దాణా కూడా తెచ్చారు. అత్తగారు సంచీ మూతి విప్పి వాసన చూసి, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఇందులో చేపల పొడి ఉందిరా" అన్నారు. "ఇది గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు."

"అవి బాతులమ్మా. వాటి తిండి అది" అన్నారు ఈయన.

"మనింట్లో ఉన్న ప్రాణికి మన తిండే పెట్టాలి. మనమొకటి తిని వాటికింకొకటి పడేస్తే పంక్తిభేదం అవుతుంది. ఆ పాపం నాకొద్దు."

పంక్తిలో కూర్చున్నవాళ్ళందరికీ ఒకేలా వడ్డించాలన్నది మా ఇంట్లో వేదవాక్కు. ఇంటి యజమానికి నెయ్యి వేస్తే పనిమనిషికీ వేయాలి. ఆ నియమంలో ఉన్న మంచి నాకూ తెలుసు కాబట్టి దాణా సంచీ మూతి కట్టి బయట పెట్టేశాను. పైగా బాతులకని అన్నం కలుపుతూ కలుపుతూ ఆవిడా నాలుగు ముద్దలు తింటున్నారు. ఇంకేం కావాలి? మెత్తగా పిసికిన సన్నబియ్యం అన్నంలో మీగడ పెరుగు వేసి, చిటికెడు ఉప్పు కూడా వేయబోతే నేనే ఆపాను. ఆవిడ అరచేయి చాపితే రెండూ ముక్కులతో గరగరా తోడుకుని తినేవి. ఆవిడ మెట్లెక్కే అలికిడికే పరుగెత్తుకొచ్చేవి. పసుపు నూగు పోయి తెల్లటి ఈకలు వచ్చాయి. ఒకటి ఏపుగా పెరిగింది, రెండోది కాస్త చిన్నది. చిన్నదంటేనే ఆవిడకు ఎక్కువ ప్రాణం.

ఒకనాడు ఆ చిన్నది నీళ్ళు పోయే తూము దగ్గర బొద్దింకను పట్టి మింగబోయింది. అత్తగారు చూశారు. "ఛీ, ఏం తిండే అది" అని దాని నోట్లోంచి లాగి పారేసి, ముక్కు శుభ్రంగా కడిగి, కిందికి దిగి దేవుడి దగ్గర ఉన్న తులసి తీర్థం తెచ్చి రెండు చుక్కలు పోశారు. తరువాత తూముకు గుడ్డ కుక్కించారు. ఆ రోజు నేనూ మా ఆయనా పొట్ట పట్టుకుని నవ్వాం. ఆకలేసిన ప్రాణి తనకు కావలసింది తాను వెతుక్కుందని మాకిద్దరికీ తట్టలేదు.

వానలు మొదలయ్యే వేళకు చిన్నదాని నడక మారింది. రెండడుగులు వేసి కూలబడేది. కాలి కీళ్ళు ఉబ్బాయి. పెద్దది పరుగెత్తితే వెనకాల రెక్కలు నేలకు ఆన్చి పాకేది. అత్తగారు దిష్టి అన్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు, కాళ్ళకు ఆముదం రాశారు, బలానికని పెరుగన్నంలో నెయ్యి చేర్చారు. రాత్రి భోజనాలప్పుడు ఆవిడ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి దించేయడం చూశాను. అది పడుకుంటే ఈవిడా పడుకుంటారు. నాకు అదొక్కటే తెలుసు.

చిన్నదాన్ని కూరగాయల బుట్టలో పెట్టుకుని ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్ళాను. వర్షానికి దారి పొడుగునా ట్రాఫిక్. బుట్టలోంచి అది నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ చిన్న వయసుది. కాళ్ళు చాపి చూసి, "ఏం పెడుతున్నరమ్మా దీనికి?" అంది.

"పెరుగన్నం."

"ఇంకా?"

"ఈమధ్య నెయ్యి కూడా."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గిది బాతమ్మా. పురుగులు, నత్తలు, చేపలు తినే పక్షి. వట్టి తెల్లన్నం తోని కాళ్ళెట్ల గట్టిపడతయ్? బి విటమిన్ అసలే అందలె. ఎముక అప్పుడే వంకర పోయింది" అంది. చుక్కల మందు రాసి, దాణా పెట్టమని, చిన్న చేపలు ఉప్పు లేకుండా ఉడకబెట్టి, తవుడు కలిపి పెట్టమని చెప్పింది. ఇంట్లో పెద్దది ఇంకా నడుస్తూనే ఉందని చెప్పాను. "అదైతే సుధరాయిస్తది, మంచిగైతది. దీని సంగతి జర చూద్దాం, మాట ఇయ్యలేను."

ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా మండిపోతోంది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. తెచ్చిన మనిషి మీద, పెట్టిన మనిషి మీద, బొద్దింకను చూసి నవ్విన నా మీద. మా ఆయన మెట్ల దగ్గరే ఎదురొచ్చారు. చెప్పాను.

"అమ్మకు చెప్పకు" అన్నారు.

"చెప్పకుండా చేపలు ఎలా పెట్టమంటారు?"

"నీ ఇష్టం. ఏదైనా చెయ్యి. తన చేత్తో పెట్టిన అన్నమే దాని కాళ్ళు తీసిందని తెలిస్తే ఆవిడ మళ్ళీ లేవదు." ఆయన బుట్ట నా చేతిలోంచి తీసుకున్నారు. "పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు అయిందే."

నేను అరుద్దామనుకున్నదంతా మింగేశాను.

కింది అంతస్తులో ఉండే ఆవిడ జాకెట్లు కుడుతుంది. పాత హైదరాబాదు కుటుంబం, మాకు ముందు నుంచీ ఈ బిల్డింగులోనే ఉన్నారు. వాళ్ళింట్లో చేపలు వండితే మా అత్తగారి కోసమని కిటికీ మూసేంత మర్యాద తెలిసిన మనిషి. నా గోడు విని మిషను ఆపింది.

"గంత ఫికర్ ఎందుకక్కా. నేను ఉడకబెడ్త గద. డబ్బాల పెట్టిస్త, పెద్దమ్మ పండుకున్నప్పుడు తీస్కపో" అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో దొంగతనం మొదలైంది. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీయగానే నేను కిందికి దిగి డబ్బా తీసుకుని డాబా ఎక్కేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక చేపను ముట్టుకోలేదు నేను. మొదటిరోజు మూత తీయగానే పక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాను. బాతులు మాత్రం డబ్బాలోకే దూకాయి. చేతులకు శనగపిండి రుద్ది, నిమ్మచెక్క రుద్ది, స్నానం చేసి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేదాన్ని. ఈ వేళలో స్నానమేమిటని అత్తగారు అడిగితే ఉక్క అనేదాన్ని. వానాకాలంలో ఉక్కేమిటని ఆవిడ అడగలేదు.

పెద్దది బాగా పుంజుకుంది. చిన్నది మాత్రం అలాగే ఉంది. కొత్త కష్టం ఇంకోవైపు నుంచి వచ్చింది. పెద్దది అత్తగారి చేతిలో అన్నం తినడం మానేసింది. ఆవిడ అరచేయి చాపితే వాసన చూసి, మెడ తిప్పుకుని వెళ్ళిపోయేది. ఆవిడ వెనకాలే చేయి చాపుకుని తిరిగేవారు. "నా మీద అలిగింది" అనేవారు మొదట్లో. తరువాత అలా అనడం కూడా మానేసి, అన్నం ముద్ద వంక చూస్తూ కూర్చునేవారు. ఒక రోజు మధ్యాహ్నం తన కంచం ముందు కూడా అలాగే కూర్చుని, తినకుండా లేచిపోయారు. దాచిపెట్టీ ఆవిడను మంచానికే చేరుస్తున్నామని నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నమే, నేను డబ్బా మూత తీసి చిన్నదాని ముందు కూర్చుని ఉంటే, మెట్ల మీద అలికిడి అయింది. అత్తగారు నిద్రపోలేదు. గుమ్మం దగ్గర నిలబడి నా చేతి వంక చూశారు. చేపముక్క అలాగే వేళ్ళ మధ్య ఉండిపోయింది.

"డాక్టరు చెప్పిందా?" అన్నారు.

"ఆ."

"మొదటి నుంచీ ఇదే పెట్టాల్సిందా?"

అబద్ధం నా నాలుక చివరే ఉంది. ఈమధ్యే మందు మార్చారనో, పెద్దయ్యాక పెట్టాలన్నారనో అనవచ్చు. ఆవిడ నా కళ్ళలోకి చూస్తున్నారు. అన్నేళ్ళ మనిషిని చిన్నపిల్లలా మభ్యపెట్టడం నాకు చేతకాలేదు.

"అవునండీ అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. డబ్బా తన వైపు లాక్కున్నారు. వద్దండీ, మళ్ళీ స్నానం చేయాల్సొస్తుంది అంటే వినిపించుకోలేదు. మడి కట్టుకుని వంట చేసే ఆ చేతితో చేపముక్క తీసి చాపారు. చిన్నది పాకుతూ వచ్చి, రెక్కలు కొట్టుకుంటూ, ఆవిడ వేళ్ళు కూడా కొరుకుతూ తినసాగింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా పెట్టారు.

"ఇంత ఆకలితో ఉన్నావా తల్లీ" అన్నారు దానితో. "ఇన్నాళ్ళూ నేను పెడుతూనే ఉన్నానే."

ఆ తరువాత కూడా రోజూ ఆవిడే పెట్టారు, ఎవరికీ దాచకుండా. చిన్నది కోలుకోలేదు. ఒక ముసురు రోజు పొద్దున ఆవిడ ఒళ్ళోనే మెడ వాల్చేసింది. ఇక్కడ పాతిపెట్టడానికి మట్టెక్కడుంది? మా ఆయన పాత తువ్వాలులో చుట్టి స్కూటర్ మీద తీసుకెళ్ళారు. ఎక్కడికని నేను అడగలేదు. ఇక ఆవిడ మంచమెక్కుతారని, మళ్ళీ ఆ గోడేనని, ఆ రోజంతా కాళ్ళూ చేతులూ ఆడక తిరిగాను.

మర్నాడు భోజనాల వేళకు పిలుద్దామని వెళితే మంచం ఖాళీగా ఉంది. ఆవిడ వంటింట్లో గిన్నెల ముందు గరిటెతో కూర్చుని ఉన్నారు, ముందు ఒక కంచం పెట్టుకుని. నేను కూర్చున్నాను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆవిడ వడ్డించింది వడ్డించినట్టు తిన్నాను. వద్దనేలోపే పప్పు పడేది, చాలనేలోపే అన్నం పడేది. అది ప్రేమేనని నాకు తెలుసు.

ఆవిడ గరిటె పప్పులో ముంచి, పైకి తీసి, కంచం మీద ఆపారు.

"నీకేం తినాలనుందే అమ్మాయ్?" అన్నారు.

ఏదైనా ఫర్వాలేదండీ అనబోయాను. ఆవిడ గరిటె దించలేదు. నిజంగానే జవాబు కోసం చూస్తున్నారు, మళ్ళీ తప్పుగా వడ్డిస్తానేమోనని భయపడుతున్నట్టు. నేను ఎంత ఆలోచించినా, నాకేం తినాలనుందో నాకు తెలియలేదు.