తెల్ల చట్నీ పెట్టింది నేను

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక పనికి మా మేనత్త నలభై ఏండ్లు మాట పడింది. పోయిన ఏడు ఆమె చనిపోయింది. సమాధి దగ్గర కూడా వెనక నిలబడ్డ వాళ్లలో ఎవరో, "వంట మంచిగనే చేసేది గానీ, ఆ పిల్ల ఉసురు తగిలింది" అన్నారు. నేను విని తల దించుకున్నాను. ఇంకా దించుకునే ఉండటం చేతకాక ఇది రాస్తున్నాను.

మా అత్తమ్మ బూర్గంపాడు దగ్గర ఒక కంపెనీ బంగళాలో వంట చేసేది. మామయ్య పెళ్లయిన మూడేళ్లకే పోయాడు. పిల్లలు లేరు. మా నాయనది బొగ్గుబాయిలో పని. ఎండాకాలం సెలవులు రాగానే నన్ను బస్సెక్కించి ఆమె దగ్గరికి పంపేవాడు. బంగళాకు దూరదేశాల నుంచి ఇంజనీర్లు వచ్చేవాళ్లు. వాళ్ల కోసం ఆమె గోదావరి చేపకు ముళ్లు తీసి, రొట్టె పొడి అద్ది వేయించేది. పక్కన టార్టర్ సాస్ పెట్టేది. ఆ పేరు మాకు నోరు తిరిగేది కాదు. మాకు అది తెల్ల చట్నీ.

గుడ్లలోని పచ్చసొన మాత్రం పింగాణీ గిన్నెలో వేసి, ఉప్పు, చిటికెడు ఆవపిండి కలిపి, పల్లినూనెను చుక్క చుక్కగా పోయమని చెంచా నా చేతికిచ్చేది. తాను చెయ్యి ఆపకుండా ఒకే వైపు గిలకొట్టేది. నేను తొందరపడి ధారగా పోస్తే సొన, నూనె విడిపోయేవి. "ఏందిరా అల్లుడా, బస్సు పోతున్నదా నీకు?" అని నెత్తి మీద ఒకటి మొట్టేది. ఓపికగా పోస్తే కాసేపటికి అది గడ్డపెరుగులా బిగిసేది. అందులో నిమ్మరసం పిండి, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసేది. ఆమెకు పని నేర్పిన ముసలి వంటవాడు ఏవో మొగ్గల ఊరగాయ కూడా పడాలని చెప్పాడట. ఆ మొగ్గలు మా అడవిలో ఎక్కడివి? నిరుడు ఉప్పులో ఊరేసిన పచ్చి వాక్కాయలను తరిగి కలిపేది. తిన్న దొరలెవరూ తేడా పట్టలేదు.

ఆ చట్నీకి ఒక కట్టుబాటు ఉండేది. మిగిలింది ఎంతైనా సరే, పొద్దుగూకక ముందే పెరట్లో గుంట తీసి మట్టి కప్పాలి. బంగళాలో ఫ్రిజ్ ఉన్నా కరెంటును ఆమె నమ్మేది కాదు. "పప్పు పులిస్తే ముక్కుకు దొరుకుద్ది. ఇది దొరకదు. ఇది ముందుగాల్నే పుల్లగుంటది" అనేది. నేను ఆ మాటను వంద సార్లు విన్నాను. అందుకే అది నా చెవిలోనే ఉండిపోయింది.

బంగళా వాచ్‌మన్‌ది కోయల గూడెం. భార్యాబిడ్డలతో గేటు పక్క గదిలో ఉండేవాడు. వాళ్లకు నాలుగేళ్ల పాప. నేను ఎక్కడికి పోతే అక్కడికి వెంటపడేది. బీడీలకు వాడే తునికాకు కోతలు వచ్చాయంటే ఆ తల్లి కోడి కూతకు అడవికి పోయి, ఎండ నడినెత్తికి వచ్చాక ఆకుల మోపుతో తిరిగొచ్చేది. వాచ్‌మన్ గేటు వదలకూడదు. అందుకని పాపను నాకు అప్పగించి, "అయ్యా, ఆకలైతే జావ పొయ్, ఎండల తిప్పకు" అని చెప్పి పోయేది. నాకప్పుడు పదేళ్లు.

ఒకనాటి సాయంత్రం మిగిలిన చట్నీని పూడ్చి రమ్మని అత్తమ్మ గిన్నె నా చేతికిచ్చింది. సగానికి పైగా ఉంది. మా ఇళ్లల్లో ఎవరికీ పెట్టని వస్తువు. పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఉత్త గుంట తీసి ఉత్త గుంటే పూడ్చాను. గిన్నెను కట్టెల కొట్టంలో గంప కింద దాచాను. పూడ్చినవా అని ఆమె అడిగితే పూడ్చిన అన్నాను.

మర్నాడు పాప జావ తాగనని ఏడ్చింది. నా ఆట చెడుతోంది. గంప తీసి చూశాను. వేలితో నాకితే నిమ్మకాయ పులుపే తగిలింది. గిన్నెను వాళ్ల గది వెనక్కు తీసుకుపోయి అన్నం కలిపి పెట్టాను. పాప గిన్నె అడుగు దాకా నాకింది. దొరల చట్నీ తిన్నానని ఎగిరింది. ఆ మధ్యాహ్నం నేను దానికి దేవుణ్నయ్యాను.

చీకటి పడకముందే వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి విరేచనాలతో కళ్లు లోపలికి పోయాయి. నాకూ కడుపులో తిప్పింది, ఎవరికీ చెప్పలేదు. పొద్దున బస్సులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. మధ్యాహ్నానికి తువ్వాలలో చుట్టి తెచ్చారు.

ఏం తిన్నదని డాక్టరు అడిగాడట. తల్లి వెతికితే వాళ్ల గది వెనక పింగాణీ గిన్నె దొరికింది. ఆమె దాన్ని పట్టుకొచ్చి బంగళా మెట్ల మీద పెట్టింది. జనం గిన్నె వైపు చూశారు, తర్వాత మా అత్తమ్మ వైపు చూశారు. అత్తమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. నా మొహంలో ఏం కనబడిందో తెలియదు గానీ, ఆమె నాకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"నేనే పెట్టిన" అంది. "పిల్ల ఏడుస్తున్నదని పెట్టిన. వానికేం తెల్వది."

నేను నోరు తెరవలేదు. భయంతో అనుకున్నారు. భయమే, కానీ అందులో కొంత నిమ్మళం కూడా ఉంది. ఆ నిమ్మళాన్ని ఇన్నేళ్లు నేను ఎవరికీ చెప్పలేదు.

ఆమెను పనిలోంచి తీసేశారు. మా ఇంటికి వచ్చాక వారానికి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మా కోడి పెట్టిన రెండు గుడ్లు తెచ్చి నా ముందు పెట్టింది. నూనె చెంచా నా చేతికిచ్చింది. మళ్లీ తెల్ల చట్నీ చేసింది. ఈసారి నేను ఒక్క చుక్క కూడా తొందరపడలేదు. దాన్ని అలాగే మూతపెట్టి, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచి, నన్ను పిలిచి వాసన చూడమంది. చూశాను. నిమ్మకాయ, ఉల్లిపాయ. నిన్నటి వాసనే.

"తేడా ఉన్నదా?"

"లేదు."

"ఉన్నది బిడ్డా. నీకు తెలుస్తలేదు. నీకే గాదు, నాకు గూడ తెల్వది. అందుకే మన్నుల పెట్టుమన్న."

పెరట్లో నా చేతే గుంట తీయించింది. గిన్నె నా చేతే ఒంపించింది. మట్టి నా చేతే కప్పించింది. నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. అయిపోయాక చేతులు కడిగి, తన కొంగుతో తుడిచి, "నువ్వు చిన్నోనివి. దీన్ని మోస్తే వొంగిపోతవు. కొన్ని దినాలు నేను మోస్త" అంది. కొన్ని దినాలు అంది. పెద్దయ్యాక తీసుకోమని అందులో ఉంది. నాకు ఆనాడే అర్థమైంది, అర్థం కానట్టు బతికాను.

ఆ తర్వాత ఆమెను వంటకు ఎవరూ పిలవలేదు. కారేపల్లి వైపు మిరప తోటల్లో కూలికి పోయింది. చర్చిలో ప్రేమ విందు రోజున ఆడవాళ్లంతా గుండిగల చుట్టూ చేరితే, ఆమె దూరంగా కూర్చుని విస్తరాకులు తుడిచేది. ఒకసారి ఉల్లిగడ్డలు కోయబోతే ఒకామె కత్తి తీసేసుకుని, "నువ్వు కూసో అక్కా, నీకెందుకు తిప్పలు" అని నవ్వింది. అక్కడ నేనున్నాను. మీసాలొచ్చిన వయసు. అప్పుడైనా చెప్పవచ్చు. నాకు ఉద్యోగం వచ్చాక చెప్పవచ్చు, పెళ్లయ్యాక చెప్పవచ్చు. ప్రతిసారీ ఇప్పుడెందుకులే అనుకున్నాను. అత్తమ్మ ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడాన్ని నేను అనుమతిగా తీసుకున్నాను.

సమాధి చేసిన నెలకు పాప తల్లిని వెతుక్కుంటూ పోయాను. వాచ్‌మన్ ఎప్పుడో పోయాడట. ఆమె అడవి అంచున, పాప తర్వాత పుట్టిన కొడుకు ఇంట్లో ఉంది. చూపు తగ్గింది. నేనెవరో చెప్పాను. జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. గంప, గుంట, జావ, అత్తమ్మ చావు, అన్నీ. ఆమె చేతిలోని చాట కింద పెట్టింది.

"మీ అత్త ఏటేటా వచ్చేది" అంది. "తునికాకు కోతలప్పుడు. గీ గుమ్మంల కూసునేది. నేను గిలాసెడు నీళ్లియ్యలే. తిట్టిన. మన్ను వోసిన నెత్తిన. మీదికెల్లి నా కొడుకును గూడ ఉసిగొల్పిన. ఒక్కనాడన్న నేను గాదు అనలే ఆమె."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె నన్ను ముట్టుకోలేదు, తిట్టలేదు.

"నువ్వయితే వచ్చి చెప్పుకున్నవ్" అంది. "మరి నేను ఎవలకు జెప్పుకోవాలె?"

అత్తమ్మ నా తప్పును మోసిందని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్న ఈ తల్లి చేత తప్పులేని మనిషి నెత్తిన నలభై ఏండ్లు మన్ను పోయించింది కూడా నేనేనని ఆ గుమ్మంలో తెలిసింది. ఆ తల్లి ప్రశ్నతోనే పొద్దున లేస్తున్నాను. దీన్ని నా బదులు మోస్తానని చెప్పే మనిషి ఇక లేదు.