ఆడిట్ బోర్డు మీద లాటిన్ తల్లి

మొన్న మా ఆడిట్‌ల దొరికింది ఒకే ఒక్క తప్పు. మందుల్ల కాదు, మిషన్లల్ల కాదు. నేను రాసిన క్రియాపదంల.

నాది గడ్డపోతారంల ఒక మందుల కంపెనీ ల్యాబ్‌ల కొలువు. అప్పటికి ప్రొబేషన్ అయిపోవస్తుండె. ఆ ఆడిట్ మంచిగ గడిస్తేనే పర్మనెంట్. ఇగ నా పిచ్చి ఏందంటే, ఫోన్ల పాత భాషల కోర్సు వింటున్న. లాటిన్‌కు ఒక తల్లి భాష ఉండె. అందుల రాసింది ఒక్క ముక్క మిగల్లే. పిల్ల భాషల మాటలు పక్కపక్కన పెట్టి, తల్లి ఏమన్నదో లెక్క కట్టాలె. నాకు లెక్కలంటే పానం.

లంచ్ టైంల, నాతోని పనిచేసే శ్రీనుకు గిదే చెప్తున్న. "ఒకటి చేసి సూపియ్ మరి" అన్నడు. ల్యాబ్ బోర్డు ఖాళీగుంది. 'ఇచ్చిండు' అనే క్రియ పట్టుకున్న. లాటిన్‌ల దెదిత్, దాని చెల్లెలు భాషలు ఆస్కన్‌ల దెదెద్, అంబ్రియన్‌ల దెదె. కింద గీత గీసి, స్టార్ గుర్తు పెట్టి తల్లి మాట రాసిన: *దెదెద్.

తలుపు తెరుచుకుంది. ఆడిటర్ మేడం, వెనక మా మేనేజర్ ప్రసాద్ సార్.

"ఇదేంటి?" అన్నది మేడం.

"'ఇచ్చిండు' అని, మేడం."

"ఎవరు? ఎవరికి?"

"తెల్వదు మేడం."

"రికార్డు ఎక్కడుంది?"

నాకు హుషారొచ్చింది. ఇంత ఆసక్తిగ ఎవ్వరూ అడగలే. "రికార్డే లేదు మేడం, అందుకే ఆ స్టార్. తర్వాత వచ్చినవి చూసుకుంట, ముందుది మేమే తయారు చేస్తం."

మేడం పెన్ను ఆగింది. లేని రికార్డు తర్వాత కూసొని పుట్టించుడు, మందుల కంపెనీల అంతకంటె పెద్ద నేరం లేదు.

"మేమే అంటే ఎవరెవరయ్యా?" అన్నరు ప్రసాద్ సార్ సన్నటి గొంతుతోని. శ్రీను అప్పటికే సింక్ కాడ, కడిగిన చేతులే మళ్ల కడుగుతున్నడు.

"సార్, ఇది మూడు వేల ఏండ్ల కిందటిది."

"అప్పట్నుంచీ చేస్తున్నారా?" అన్నది మేడం.

జల్దీ ఫోన్ తీసి కోర్సు చూపెట్టిన. మేడం చూసింది, కుర్చీల కూసొని నవ్వింది. నవ్వుకుంటనే తప్పు కూడ రాసింది: బోర్డు మీద పనికి సంబంధం లేని రాత.

పర్మనెంట్ అయితే చేసిండ్రు. దాంతోపాటు కొత్త డ్యూటీ ఇచ్చిండ్రు. మూడు వేల ఏండ్ల కింద మనుషులేం మాట్లాడిండ్రో వెతికెటోన్ని, ఇప్పుడు పొద్దున్నే ల్యాబ్‌లన్నీ తిరిగి, బోర్డుల మీద నిన్న ఎవరేం రాసిండ్రో ఆనవాలు లేకుండ తుడుస్తున్న.