వెయ్యేళ్ళ ఊరికి స్టాఫ్ పిక్నిక్

రైలు దిగి బస్సెక్కగానే గైడు మైకు అందుకుని, "మనమిప్పుడు వెయ్యేళ్ళు వెనక్కి వెళ్తున్నాం" అన్నాడు. మా హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ మాట పట్టించుకోకుండా పులిహోర డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నారు. వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళినా మధ్యాహ్నానికి ఆకలేస్తుంది కదా.

అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం వచ్చేసింది, ప్రపంచం మునిగిపోలేదు అన్న సంతోషంలో యాజమాన్యం వారు స్టాఫ్ పిక్నిక్ పెట్టారు. పొద్దున్నే రైల్లో అరకు. తర్వాత గుహలు, భోజనం, ఆ పైన "చేత్తో కట్టిన ప్రాచీన మన్యం గ్రామం". సాయంత్రం బొంగులో చికెన్ తిని ఇంటికి. టీచర్లందరూ ఎగిరి గంతేశారు. నేను మాత్రం కడుపునొప్పి అని చెప్దామా, జ్వరమని చెప్దామా అని వారం రోజులు ఆలోచించి, రెండూ ఆ మధ్యే వాడేశానని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఎందుకంటే ఆ ప్రాచీన గ్రామానికీ మా ఊరికీ మధ్య ఒక్క కొండ అడ్డం. నేను ఆ కొండమనిషిని. ఆ సంగతి బస్సులో ఎవరికీ తెలీదు.

దాచాలని దాచింది కాదు, మొదట్లో. నేను అద్దెకి గది వెతుక్కుంటుంటే హెడ్‌మిస్ట్రెస్ గారి మేడ మీద గది ఖాళీగా ఉందన్నారు. వెళ్తే ఆవిడ మంచినీళ్ళిచ్చి, నేను గుటక వేసేలోపలే "మీరేమిట్లు?" అని కులం అడిగారు. "మా నాన్నగారు అరకు వైపు ఫారెస్టాఫీసులో చేసేవారండి" అన్నాను. "అయితే ఆఫీసరు గారి అమ్మాయివన్నమాట" అని ఆవిడే తేల్చేశారు. మా నాన్న ఆ ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండేవాడు. దిద్దుదామని నోరు తెరిచేలోపల ఆవిడ, "కిందటిసారి ఒక ఏజెన్సీ పిల్ల వచ్చింది, ఇవ్వనన్నాను. ఒకళ్ళకిస్తే కొండంతా దిగుతుంది" అన్నారు. నేను తెరిచిన నోటితో మిగతా మంచినీళ్ళు తాగాను. ఆ గది పోతే నాకు ఇంకో గది దొరకదు, ఆవిడకి కోపం వస్తే ఉద్యోగమూ ఉండదు. మూడేళ్ళుగా ఆఫీసరు గారి కూతుర్ని నేను.

మా అమ్మకి వస్తున్నానని కబురు పెట్టలేదు. పెడితే మలుపు దగ్గర బస్సుకి అడ్డంగా నిలబడుతుంది, సంచిలో రాజ్మా గింజలు పోసుకుని. ఆ సంచి ఎవరిదని అడిగితే నేనేం చెప్పేది?

ఇంతకీ ఆ ఊరి సంగతి. కాలవలూ కల్వర్టులూ కట్టి రిటైరైన కాంట్రాక్టరొకాయనకి ఉన్నట్టుండి ప్రాచీన సంస్కృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కాంట్రాక్టులు చేసినన్నాళ్ళూ సిమెంటు తక్కువ వేసిన అలవాటు ఎటూ ఉంది, అసలు సిమెంటే లేకుండా కడితే ఏమని అనుకున్నాడో ఏమో. యంత్రం ముట్టకుండా మట్టి, వెదురు, గడ్డితో పన్నెండు ఇళ్ళు కట్టించాడు. కట్టింది మా వైపు వాళ్ళే. మా మేనమామ కూడా మట్టి తొక్కాడు, కప్పు నేశాడు. చుక్క కారని కప్పు. ఆయన ఉండేది మాత్రం గవర్నమెంటు కట్టించిన కాలనీ ఇంట్లో. వానొస్తే శ్లాబు కింద బకెట్లు పెట్టుకుని కూర్చుంటాడు.

గేటు లోపల అడుగుపెట్టగానే తులసికోట. మా కొండల్లో ఇంటిముందు తులసికోట నేనెక్కడా చూడలేదు, కాంట్రాక్టరు గారి ఇంట్లో ఉండి ఉంటుంది. దాని చుట్టూ ముగ్గు, చెరిగిపోకుండా పెయింటుతో. నడిమధ్యన రాజుగారి సింహాసనం. సిమెంటు ముట్టం అన్న ప్రతిజ్ఞ సింహాల దగ్గరికొచ్చేసరికి సడలినట్టుంది, రెండు సింహాలూ గట్టి సిమెంటువే, బంగారు రంగు పూసినవి. పాపం ఒకదానికి చెవి లేదు.

"ఇక్కడ కూర్చునే గిరిజన మహారాజు తీర్పులు చెప్పీవోడు" అన్నాడు గైడు. అతనిది అనకాపల్లి దగ్గర పల్లె. మైకులో పుస్తకాల భాష మొదలుపెట్టి రెండో మాటకల్లా సొంత ఊరికి చేరిపోయేవాడు. మా ఊళ్ళో తగువు తీర్చే పెద్దమనిషి చింతచెట్టు కింద రాతిమీద కూర్చుని చుట్ట కాలుస్తాడు. ఆయన మహారాజని తెలిస్తే చుట్ట ఆర్పేసేవాడేమో.

ఒక ఇంట్లో మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యిలో మంటకి బదులు ఎర్ర బల్బు. తెలుగు మాస్టారు వంగి చూసి, "వీళ్ళు ఏం తింటారయ్యా?" అని అడిగారు.

"దుంపలు, తేనె సార్. ఉప్పు ముట్టరు."

మా ఇంట్లో తేనె సంతలో అమ్మడానికి. తినేది రాగి అంబలి, అన్నం, ఎండుచేపల పులుసు. ఉప్పు తగ్గితే మా నాన్న కంచం పక్కకి తోసేసేవాడు. చెప్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసరు గారి కూతురికి ఇవన్నీ ఎలా తెలుసు? మింగేశాను.

"చాలా అమాయకులు సార్" అన్నాడు గైడు, గొంతు కాస్త తగ్గించి. "అబద్ధమాడ్డం అనేదే తెల్దు ఆళ్ళకి."

"అయ్యో పాపం" అన్నారు అందరూ. నేనూ అన్నాను. అందరికంటే కాస్త గట్టిగానే అన్నట్టు గుర్తు.

చిట్టచివర వేషాల పాక. అక్కడ చీరలు, పూసల దండలు, కొప్పులో పెట్టుకునే కాగితప్పూలు ఉంటాయి. వచ్చిన ఆడవాళ్ళు ఉన్న బట్టల మీదే చీర చుట్టించుకుని, సింహాసనం పక్కన నిలబడి గిరిజన యువతులుగా ఫోటో దిగాలి. ఆ చీరలు కట్టడానికి ఒకావిడ ఉంది, మా అమ్మకంటే కొంచెం చిన్నది. ముక్కుకి మూడు కమ్ములు, మొహం మీద పచ్చబొట్టు. నాకు తెలిసిన మొహం కాదని చూసుకున్నాక ఊపిరి పీల్చుకున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు మొదట కట్టించుకున్నారు. ఆవిడ ఒంటికి ఆ చీర చాలలేదు. రెండో చీర కలిపి పిన్నులు పెడుతుంటే అందరూ నవ్వుతున్నారు, ఆవిడ కూడా నవ్వుతున్నారు. గైడు బయట్నించి "బేగి కానీండి, అవతల ధింసా డేన్సు మొదలైపోతాది" అని అరుస్తున్నాడు. నా చేతికొక చీర తగిలించారు. "నువ్వూ కట్టుకో, ఊరికే నిలబడతావేం" అన్నారెవరో.

చెప్తే నమ్మరు, నేనేమీ ఆలోచించలేదు. మనసు గైడు కేకల మీద ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చీర చుట్టి, అంచు మోకాలి కిందికి సరిచేసి, కొంగు తిప్పి భుజం వెనక ముడి వేసేశాను. మా ఊళ్ళో ముడి వెనక్కే వేస్తారు, చంకన బుట్ట మోస్తే ఒరుసుకోకుండా. ఇక్కడ వచ్చినవాళ్ళకి మాత్రం ముందుకి వేస్తారు, ఫోటోలో పడాలని గైడు హుకుం. ఆ తేడా నాకు ముడి వేశాక గుర్తొచ్చింది.

ఆవిడ చేతిలో పిన్ను అలాగే ఆగింది. నా భుజం వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. మొహమంతా వెలిగిపోయింది. దగ్గరికొచ్చి మా మాటలో, మెల్లగా అడిగింది.

"ఏ ఊరు, చెల్లెలా?"

మూడేళ్ళయింది పట్నంలో ఎవరూ నన్నలా పిలిచి. గొంతులోకి జవాబు వచ్చేసింది కూడా.

"ఏమంటోంది?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు పక్కనించి.

"ఏమోనండి" అన్నాను. "నాకు వాళ్ళ భాష రాదు."

చీర కట్టే ఆవిడకి తెలుగు వచ్చని నాకు తెలుసు. సంతకి వెళ్ళే వాళ్ళందరికీ వచ్చు.

ఆవిడ నా వెనక్కి వెళ్ళి ఆ ముడి విప్పింది. కొంగు ముందుకి తెచ్చి, వచ్చినవాళ్ళకి కట్టినట్టే కట్టి, పిన్ను పెట్టింది. పిన్ను గుచ్చుకోకుండా కింద వేలు అడ్డం పెట్టింది కూడా. తర్వాత తెలుగులో, "ఇప్పుడు బాగున్నాది మేడమ్. కెమెరా కాసి సూడండి" అంది.

"చూశావా, అసలు వాళ్ళు కడితే ఆ అందమే వేరు" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. ఫోటో తీశారు. చాలా రోజులు అది స్టాఫ్‌రూములో ఉంది. నాకు ఆ వేషం అస్సలు నప్పలేదని అందరూ ఒప్పుకున్నారు.

తిరిగి వస్తుంటే మా ఊరి మలుపు వచ్చింది. కిటికీ తెర లాగేసి నిద్రపోతున్నట్టు నటించాను.  దిగలేదు.

ఎండాకాలం సెలవుల్లో, మా కొండల్లో చేసే ఇటుకల పండక్కి ఇంటికెళ్ళాను. అమ్మ కంచంలో వేడన్నం, ఎండుచేపల పులుసు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆ కబురూ ఈ కబురూ చెప్తూ, కొండవతల ఊరావిడ ఒకామె సంతలో కనిపించిందని ఎత్తుకుంది. ఆవిడ ఆ బొమ్మల ఊళ్ళో చీరలు కడుతుందట.

"పట్నం బస్సులో ఒక గుంటొచ్చిందట. అచ్చం నీలాగుందట. ముడి మనలాగే ఏసిందట. ఏ ఊరంటే మన మాటే రాదన్నాదట. మీ గుంట కాదు కదా అని నన్నడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏటంతాను? నవ్వీసినాను. మా గుంటైతే ఇంత దూరమొచ్చి నన్ను సూడకండా ఎలిపోద్దేటి అన్నాను." అమ్మ ఇంకొంచెం పులుసు పోసింది. "ఎలిపోతావేటే?"

"పోను" అన్నాను.