మా ఆయనతో వచ్చిన రెండో ఆడది

ఆ వేసవిలో నేను చచ్చిపోవలసినదాన్ని. చావలేదు సరికదా, రాయపూర్‌లో తెలీబంధా చెరువు వెనక మా వీధి ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేంత ఘనకార్యం చేశాను. దీనికంటే చావే నయం కదా అని మీకనిపించే చోటు ఒకటి వస్తుంది. అక్కడిదాకా ఓపిక పట్టండి.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు లేదు. నేను చెబుతుంటే పక్కింటి గ్రేసు రాస్తోంది. వాళ్ళది గుంటూరు వైపు. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు, నన్ను పిన్నీ అంటుంది. మాట మోటుగా ఉంటే నాది, అక్షరం తప్పయితే దానిది.

మాది పలాస దగ్గర. మా ఆయన అప్పన్న రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే పనికి రాయపూర్ వస్తే వెనకాలే నేనూ వచ్చాను. పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళు ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, తిట్టుకుంటూ బతికాం. ఒకనాడు టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆయన పోయిన మూడో నెలలో నా షుగరు మాత్రలకు లొంగడం మానేసింది. డాక్టరు సూది రాశాడు. పొద్దున ఏడింటికి పొడుచుకుని, అరగంటలో కడుపునిండా తినమన్నాడు. మొదటి సగం దేవుడి మాటలా పట్టుకున్నాను. గడియారమైనా తప్పుతుందేమో గాని నా సూది తప్పేది కాదు. రెండో సగం దగ్గరే వచ్చింది చిక్కు.

పెళ్ళయిన నాటి నుంచి ఆయన తినకుండా నేను మెతుకు ముట్టలేదు. మా అమ్మ అలాగే చేసింది, మా అత్తా అలాగే చేసింది. ఆయన గోడెక్కి ఫోటోలో కూర్చున్నంత మాత్రాన పద్ధతి మారుతుందా? పన్నెండింటికి ఫోటో ముందు పీట వేసి, మూడు చెంచాల చక్కెర వేసిన టీ, రెండు చిమ్మిలి ఉండలు పెట్టేదాన్ని. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలంటే ఆయనకు ప్రాణం. ఆయన తినేదాకా గోడకు జారబడి కూర్చుని, ఒంటిగంట దాటాక నా అన్నం. గ్రేసు డ్యూటీకి పోతూ గుమ్మంలోంచి రోజూ అడిగేది, తిన్నావా పిన్నీ అని.

"తినీసేనే, ఎప్పుడో తినీసేను" అనేదాన్ని. నర్సుతో ఆడిన అబద్ధం పాపం కాదనుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇక్కడ మే నెల మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా ఉండదు. తలుపులన్నీ మూసుకుని, ప్రతి ఇల్లూ అప్పుడే శవం లేచిన ఇల్లులా ఉంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం పీట ముందు కూర్చున్నాను. కూలర్ చప్పుడు ఉన్నట్టుండి దూరమై, నూతిలోంచి వస్తున్నట్టు వినిపించింది. గది పసుపుపచ్చగా అయింది. నిప్పులు కురిసే ఆ ఎండలో నాకు చలి పుట్టింది. వీపున చల్లటి చెమట. వేళ్ళు వాటంతట అవే వణుకుతున్నాయి. గోడ మీద ఫోటో కొంచెం దగ్గరికి జరిగింది. ఆయన దగ్గు వినిపించింది, పొడిగా, రెండుసార్లు, నా చెవి పక్కనే. ఆ తర్వాత ఏమీ లేదు. చీర కొంగు కత్తిరించి పారేసినట్టు, అంతమేర కాలం లేదు.

కళ్ళు తెరిచేసరికి గ్లాసు ఖాళీ. చిమ్మిలి లేదు. పీట మీద నాలుగు నువ్వు గింజలు. ఫోటో అద్దం మీద, సరిగ్గా ఆయన పెదాల దగ్గర, బెల్లం జిడ్డు.

భయపడ్డాను. ఎలుక అనుకుందామంటే ఎలుక గ్లాసెత్తి టీ తాగదు. పిల్లి అనుకుందామంటే తలుపుకు లోపల గడియ. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. వారం తిరిగేసరికి భయం పోయి గర్వం వచ్చింది. వీధిలో ఎంతమంది మొగుళ్ళు బతికుండి వేళకు ఇంటికి చేరుతున్నారు చెప్పండి. నా మొగుడు చచ్చి కూడా పన్నెండింటికల్లా హాజరు. ఇంకో వింత ఏమిటంటే, మెలకువ వచ్చేసరికి నా నోరు తియ్యగా ఉండేది. ఆయన తింటే నాకు తీపి తెలుస్తోంది, అర్ధాంగి అంటే ఇదే కాబోలని కళ్ళు తుడుచుకున్నాను. నవ్వకండి. రాస్తున్న గ్రేసు ఇప్పటికే నవ్వుతోంది.

ఇంత గొప్ప కడుపులో దాగుతుందా? ఎదురింటి కుంతీబాయికి చెప్పాను. ఆవిడ ఇక్కడి మనిషే, ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడదు. నమ్మలేదు. మర్నాడు మా కిటికీ సందులోంచి చూస్తానంది, చూసింది. సాయంత్రం వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం అవతలే నిలబడింది.

"దీదీ, తోర్ ఘర్ మా దూసర్ ఔరత్ హే."

నీ ఇంట్లో ఇంకో ఆడది ఉంది అంటోంది. జుట్టు విరబోసుకుని, నీళ్ళలోంచి లేచినట్టు ఒళ్ళంతా తడిసి ఉందట. టీ గటగటా తాగేసిందట. చిమ్మిలి ఒక ముక్క తాను తింటూ, ఒక ముక్క ఫోటో నోటికి అందిస్తూ ఏదో గొణుగుతోందట. మొహం చూశావా అంటే, మొహాన జుట్టు పడి ఉంది, ఆగి చూసే ధైర్యం ఎవరికుందన్నది. మరి నేనెక్కడున్నాను అప్పుడు అని అడిగాను.

"తైఁ నై రహే, దీదీ." నువ్వు అక్కడ లేవు.

ఆ మాటకు నా మెడ మీద వెంట్రుకలు లేచిన సంగతి నిజమే. కాని ఆ వెంటనే అంతకంటే పెద్ద మంట లేచింది. మొగుడు చచ్చినందుకు కాదు గాని సవతి వచ్చినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకతె. ఆ ఒకతె నేనే. నేను కళ్ళు కాయలు కాసేలా కూర్చుంటే, ఈయన పైలోకం నుంచి ఎవత్తెనో వెంటేసుకొచ్చి, నా పీట మీద, నా చిమ్మిలి తినిపించుకుంటున్నాడా? ఫోటో ముందు నిలబడి కడిగేశాను.

"ఎవుల్తది? బతికున్నన్నాళ్ళూ కుక్కినపేనులాగున్నావు. సచ్చేక నీకీ సరదా ఏటి?"

ఆయన ఎప్పటిలాగే మాట్లాడలేదు. తప్పు చేసినప్పుడు బతికుండగానూ అంతే.

కుంతీబాయి ఒక బైగాను కుదిర్చింది. బైగా అంటే ఇక్కడ దెయ్యాలు వదిలించేవాడు. కొత్తగా కట్టిన నయా రాయపూర్ వెడల్పు రోడ్ల కింద వాళ్ళ ఊరి దెయ్యాలన్నీ చదునైపోయి పని లేక, బస్సెక్కి మా వైపు వస్తున్నాడు. షరతులు పెట్టాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగకూడదు. ఫోటోకు టీ, చిమ్మిలి బంద్. నేను తెల్లవారిన దగ్గర్నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టకూడదు. అన్నిటికీ సరేనన్నాను. ఏడింటికి సూది మాత్రం పొడుచుకున్నాను. వైద్యం వైద్యమే, భూతవైద్యం భూతవైద్యమే.

బైగా వచ్చాడు. చీపురు, నిమ్మకాయలు, గుడ్డలో మూటకట్టిన బతాసాలు, అంటే చక్కెర బిళ్ళలు, ముందు పెట్టుకుని మంత్రం అందుకున్నాడు. కూలర్ చప్పుడు నూతిలోకి దిగింది. గది పసుపుపచ్చనైంది. ఆయన దగ్గాడు. ఇక్కడి నుంచి నాకు తెలియదు. కుంతీబాయి, గ్రేసు చెప్పిందే చెబుతున్నాను.

కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే జుట్టు ముడి ఊడదీసుకుని, బైగా మూట లాక్కుని, బతాసాలు గుప్పిళ్ళతో నోట్లో కుక్కుకోవడం మొదలుపెట్టానట. బైగా సంబరపడిపోయాడు. వాడి జన్మలో ఇంత తొందరగా వచ్చిన దెయ్యం లేదు. చీపురెత్తి అడిగాడు.

"తైఁ కోన్ అస్?" ఎవరే నువ్వు?

"అప్పన్న పెళ్ళాన్ని" అన్నానట తెలుగులో, నోటినిండా చక్కెరతో.

గుమ్మంలో నిలబడ్డ కుంతీబాయి గోడ పట్టుకుంది. "ఏహీచ్ ఔరత్, బాబా" అంది. ఇదే, నేను చూసిన ఆడది ఇదే.

బైగా చీపురు నా వీపు మీద దిగేలోపు, డ్యూటీ దిగి ఇంటికి వస్తున్న గ్రేసు గుమ్మంలో గుంపు చూసి తోసుకుని లోపలికి వచ్చింది. చీపురు లాగి అవతల పారేసి, నా వేలు పొడిచి, మిషన్‌లో చూసి, గ్లూకోజు నీళ్ళు కొద్దికొద్దిగా పట్టించింది. నాకు తెలివి వచ్చేసరికి నా తల దాని ఒళ్ళో ఉంది.

"పొద్దున ఏం తిన్నావు పిన్నీ?"

అబద్ధం ఆడే ఓపిక లేదు. ఏమీ లేదన్నాను. రోజూ ఏమీ లేదని కూడా చెప్పాను.

"ఆ ఆడది నువ్వే పిన్నీ. సూది పొడుచుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. పడిపోతే చెమటలు పడతాయి, లేని చప్పుళ్ళు వినిపిస్తాయి, చేసింది గుర్తుండదు. చిమ్మిలి ఎదురుగా ఉండబట్టి బతికావు. ఈ బాబా మాట విని ఖాళీ ఇంట్లో ఒక్కదానివే ఉండుంటే, బాబాయి ఫోటో పక్కన ఇంకో మేకు కొట్టాల్సొచ్చేది."

నాకు వేరే సంగతి కావాలి. "మరైతే ఆయన రానేదా?"

"రాలేదు పిన్నీ."

ఆయన పోయిన నాడు కూడా అంత ఏడవలేదు. ఎనిమిది నెలలు ఆలస్యంగా ఆ మధ్యాహ్నం మొదలైంది నా వైధవ్యం. అప్పుడు బైగా మెల్లగా దగ్గరికి జరిగి, నాదీ ఒకసారి చూడు బేటీ అని వేలు చాపాడు. దెయ్యాలకని తెచ్చిన బతాసాలన్నీ ఏళ్ళ తరబడి తిన్నది ఆ బైగానే. మిషన్ చూసి గ్రేసు లేచి నిలబడింది. "బాబా, ఆమెకు పట్టింది దిగిపోయింది. మీకు పట్టింది నెత్తికెక్కింది."

నేను ఏడుస్తూనే నవ్వాను. చావే నయమని మీకనిపించే చోటు ఇదే. నాకు మాత్రం, చిత్రం, బతకాలనిపించింది. ఆకలి కూడా వేసింది. గ్రేసు ఇంట్లో చారన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు ఏడింటికి సూది, ఏడున్నరకు రెండు అట్లు, పదకొండుకు గుప్పెడు శనగలు. ముందు నేను తిని ఆ తర్వాతే ఆయనకు పెడతాను. మొదటి రోజు చెయ్యి వణికింది, అది షుగరు వణుకు కాదు. సాయంత్రాలు నేనూ, కుంతీబాయీ, బైగా చెరువు చుట్టూ నడుస్తాం. కొత్తగా సూది మొదలైన ఆడవాళ్ళెవరైనా కనిపిస్తే ఆపి ఈ కథ చెబుతాను. వాళ్ళు నవ్వుతారు, ఇంటికెళ్ళి వేళకు తింటారు. ఈ జబ్బు నాతోనే పోతుంది, ఈలోగా అదీ నేనూ వేళకింత తిని కాపురం చేసుకుంటున్నాం. ఆయన ఉన్నప్పుడు కూడా ఇంత బాగా తినలేదు నేను.

కనుక చదువుతున్న మీ అందరి ఎదుటా, పలాస పోలమ్మ తల్లి సాక్షిగా, రాస్తున్న గ్రేసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా మొగుడి మీద, బతికున్నవాడైనా చచ్చినవాడైనా, నాకు అనుమానం పుట్టిన మరుక్షణం ముందు నా వేలు పొడిచి షుగరు చూసుకుంటాను. అది సరిగ్గా ఉందని తేలాకే ఆయన్ని తిడతాను.