ముఖం చూసి ఇచ్చే లాంపు

చార్జింగు నుంచి అప్పుడే తీసిన లాంపు అరచేతికి కాస్త వెచ్చగా తగులుతుంది. ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా నాకు మల్లేశం కాక గుర్తుకొస్తాడు. ఇవాళ మరీ ఎక్కువగా గుర్తొచ్చాడు. తువ్వాలుతో సగం ముఖం కప్పుకున్న ఒకతను మా గని లాంపు గది కిటికీ అవతల నిలబడి, తల దించుకుని, బిళ్ళ నా ముందు పెట్టి చెయ్యి చాపాడు. లారీ గుద్ది ముఖం చితికిందని, ఏడాదిగా మనసుకు కూడా మందులు వాడుతున్నాడని, ఇవాళే మళ్ళీ డ్యూటీకి వచ్చాడని ముందే విన్నాను. లాంపు ఇవ్వకుండా నా చేతిలోనే ఉంచుకున్నాను.

గోదావరిఖనిలో గనిని బాయి అంటారు. బాయి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మాకిచ్చి, టోపీకి తగిలించుకునే లాంపు తీసుకుంటాడు. పైకొచ్చాక లాంపు ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ ఇంకా మా కొక్కేనికే ఉందంటే మనిషి లోపలే ఉన్నాడన్నమాట. నాన్న ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నాకిచ్చి లాంపు గదిలో వేశారు. స్టవ్వు మంటకు నా కుడి చెంప, మెడ కాలిపోయి అప్పటికి రెండేళ్లు. ఆ రెండేళ్లూ సెంటినరీ కాలనీలో మా క్వార్టరు గడప దాటలేదు. బతకాలని లేదని ఒకరోజు అంటే అమ్మ ఏడుస్తూ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మందులతో నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది. మనుషుల ముందుకు వచ్చే ధైర్యం మాత్రం రాలేదు. ఈ ఉద్యోగం నిలబెట్టుకోకపోతే మళ్ళీ ఆ చీకటి గదిలోకే పోతానని నాకు తెలుసు.

లాంపు గదిలో పెద్దాయన మల్లేశం కాక. వయసులో ఉన్నప్పుడు పైకప్పు కూలి ముఖమంతా చీరుకుపోయిందట. గాయాల్లో బొగ్గు ఉండిపోయి మానడంతో నుదుటి నుంచి దవడ దాకా నీలి గీతలు. నేను స్కార్ఫు చుట్టుకుని వెళ్ళిన మొదటిరోజు ఆయన దాని గురించి ఒక్కమాట అడగలేదు. కనిపించినవాళ్ళంతా ధైర్యం చెప్పి ప్రాణం తీస్తున్న రోజుల్లో అది నాకెంత హాయిగా ఉండిందో. నా మందుల సంగతి నాన్న చెప్పి ఉంటాడు, మధ్యాహ్నం టిఫిన్ విప్పుతూ మాత్రం "గోలి ఏసుకున్నవా బిడ్డా" అని, చాయ్ తాగావా అన్నంత మామూలుగా అడిగేవాడు. మొదట్లో సిగ్గుతో కుంచించుకుపోయేదాన్ని. నెల తిరిగేసరికి "ఏసుకున్న కాకా" అనడం అలవాటైంది.

అయినా నేను ఎవరి ముఖమూ చూసేదాన్ని కాదు. చేతులు చూసే లాంపులిచ్చేదాన్ని, తీసుకునేదాన్ని. నేను చూడకపోతే నన్నూ ఎవరూ చూడరని నా పిచ్చి నమ్మకం. ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు అంతా పైకొచ్చాక సమ్మయ్య అనే కార్మికుడి బిళ్ళ ఒక్కటే కొక్కేనికి ఉండిపోయింది. అతని లాంపు చోటు కూడా ఖాళీ. మనిషి పైకి రావడం చూశావా అని షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ అడిగితే, తెలియదని తల అడ్డంగా ఊపాను. వెతకడానికి నలుగురు మళ్ళీ బాయి దిగారు. కబురు తెలిసి సమ్మయ్య భార్య పరుగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకుంది. "నువ్వే గదా ఈడ ఉన్నది. మా ఆయన వచ్చిండా బిడ్డా?" ఆమె నా స్కార్ఫును చూడనైనా లేదు.

గంటన్నర తర్వాత సమ్మయ్య నస్పూర్‌లో చెల్లెలింట్లో ఫోనుకు దొరికాడు. తొందరలో లాంపు ఇచ్చి, బిళ్ళ అడగకుండానే బస్సెక్కాడు. నేను తల ఎత్తకుండా ఆ లాంపును, రిపేరుకు పోయిన మరో లాంపు చోట పెట్టేశాను.

కాక తిడతాడనుకున్నాను. ఆయన వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. దెబ్బ తగిలాక ఏడాదిపాటు తానూ అద్దం చూడలేదని, గడ్డం కూడా భార్యే గీసేదని చెప్పాడు. ఆ తర్వాత అన్నాడు: "స్కార్ఫు ఉంచుకుంటవా, తీస్తవా, అది నీ ఇష్టం. కానీ బాయిలకు పొయ్యేటోని మొఖం సూడకుంట లాంపు ఇయ్యకు. వాణ్ని ఆఖరుకు సూసిన మనిషివి నువ్వే కావచ్చు బిడ్డా."

మర్నాటి నుంచి చూశాను. కొందరు చూపు తిప్పుకున్నారు, ఒకడు గుడ్లప్పగించి చూశాడు. టిఫిన్ వేళ ఏడ్చాను. కాక తన గిన్నెలోని టమాట తొక్కు పచ్చడి నా వైపు జరిపాడు. స్కార్ఫు తీయడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ఆ రోజూ ఆయన అడిగింది గోలీ గురించే. నిరుడు కాక పోయినప్పుడు ఆయన ఊరు కమాన్‌పూర్ వెళ్ళి, గుడ్డ కప్పకముందు ఆ ముఖం తనివితీరా చూసుకున్నాను.

ఇవాళ కిటికీ ముందు వరుసలో గొణుగుడు మొదలైంది. తువ్వాలు తియ్యమని నేననలేదు. "తమ్మీ, ఇటు సూడు. నిన్ను సూసినంకనే ఇస్త" అన్నాను. చాలాసేపటికి తల ఎత్తాడు. ముందు నా చెంప చూశాడు, తర్వాత కళ్ళలోకి చూశాడు. లాంపు అతని చేతిలో పెట్టాను.

మధ్యాహ్నం అతను పైకొచ్చినప్పుడూ తువ్వాలు అలాగే ఉంది. కానీ లాంపు తిరిగిస్తూ, నేను అడగకముందే తల ఎత్తాడు.