లెమ్ చంపుకున్న నాన్న

పనోలా కౌంటీలో పెటిగ్రూ వాళ్లింట్లో సంగీతం రానిది పిల్లికొక్కదానికే అనేవారు. తాత రెల్లుగొట్టం ఊదుతుంటే పిక్నిక్కుల్లో జనం దుమ్ము లేచేలా ఆడేవారు. తల్లి ఒడెస్సా చర్చిలో ఆర్గన్ వాయించేది. తండ్రి ఆల్ఫియస్‌కు వారమంతా రంపపు మిల్లు, శనివారం సాయంత్రం గిటారు, ఆదివారం చర్చిలో డీకన్ పెద్దరికం. మందు ముట్టని మనిషి. కొడుకు లెమ్‌కు ఎనిమిదో ఏట తువ్వాయిని అమ్మి గిటారు కొన్నాడు. పగిలిన సీసా మెడను వేలికి తొడుక్కుని తీగ మీద జార్చడం దగ్గర కూర్చుని నేర్పాడు.

అంత నేర్చినా లెమ్‌కు నలభై దాటేదాకా పేరు రాలేదు. పగలు ట్రాక్టరు తోలడం, వారాంతాల్లో రోడ్డు పక్క మందు పాకల్లో నల్లవాళ్ల కష్టాల పాటలైన బ్లూస్ వాయించడం, ప్రతిఫలంగా వేయించిన చేపలు తినడం. పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఉత్తరాది నుంచి ఓ తెల్లాయన రికార్డు చేసే పెట్టెతో దిగాడు. పాటలు విని మురిసిపోయాడు. తర్వాత కలం తీసి, నీ బతుకు కథ చెప్పమన్నాడు.

"మా నాన్నే నేర్పాడు సార్. ఆదివారం భోజనాలయ్యాక," అన్నాడు లెమ్.

కలం ఆగిపోయింది. ఆయన మొహంలో ఉత్సాహం చల్లారడం లెమ్ చూశాడు. ఇన్నేళ్లకు వచ్చిన అదృష్టం చేజారిపోతుందని భయపడ్డాడు. భయంలో మనిషి ఎంత నీచానికైనా దిగుతాడు, లెమ్ కూడా దిగాడు.

"అంటే... నా ఆరో ఏటే పోయాడు లెండి. పేకాటలో ఒకణ్ణి పొడిచి జైలుకెళ్లాడు. కాళ్ల సంకెళ్లతోనే చచ్చిపోయాడు."

కలం మళ్లీ పరుగెత్తింది.

రికార్డు మరుసటేడు పోస్టులో వచ్చింది. ఆదివారం, కోడి వేపుడూ ఆకుకూరా మొక్కజొన్న రొట్టే బల్ల మీద ఉండగా, ఒడెస్సా గర్వంగా అట్ట మీది కథ పైకి చదవడం మొదలుపెట్టింది. పేకాట దగ్గరికొచ్చేసరికి ఆగి మొగుడి వైపు చూసింది.

"చదువు," అన్నాడు ఆల్ఫియస్.

ఆమె చివరిదాకా చదివింది. ఆల్ఫియస్ చేతులు తుడుచుకున్నాడు.

"నన్ను ఏ ఏడు చంపావురా?"

"ఇరవై ఎనిమిదిలో నాన్నా."

"మరి ముప్పైలో తువ్వాయినమ్మింది ఎవర్రా, నా దయ్యమా?"

"పేకాటట! ఈయనకి ఇస్పేటేదో కళావరేదో తెలిసి చస్తేగా! వచ్చే ఆదివారం చర్చిలో మొహమెట్టా చూపించేది?" అంది ఒడెస్సా ఏడుస్తూ.

లెమ్‌కు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు. "ఈసారి కచేరీలో అందరి ముందూ చెప్పేస్తా నాన్నా. నువ్వు రా. వేదిక మీదికి పిలుస్తా," అన్నాడు.

ఆల్ఫియస్ నమ్మాడు. కన్నవాడు కదా.

కచేరీ మెంఫిస్‌లో. హాలు నిండా కాలేజీ వాళ్లు. ఆల్ఫియస్ తన నల్ల డీకన్ కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పరిచయం చేసినాయన సంకెళ్ల కథ చెప్పాడు. ఓ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. లెమ్ మైకు దగ్గరికొచ్చి నోరు తెరిచాడు. ఆ తడి కళ్లు చూశాడు. నిజం చెబితే వీళ్లంతా తనను దొంగలా చూస్తారనిపించింది. మారు మాట్లాడకుండా పాట ఎత్తుకున్నాడు. ఆ పూట ఎప్పుడూ వాయించనంత బాగా వాయించాడు, అదీ సిగ్గుచేటే.

కచేరీ ముగిశాక జనం చుట్టుముట్టారు. ఆల్ఫియస్ కూడా వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. కెమెరా పట్టుకున్న ఓ తెల్లావిడ అడిగింది: "పెద్దాయనా, మీరు ఈయనకి ఏమవుతారు?"

తండ్రి లెమ్ వైపు చూశాడు, కాసేపు ఆగాడు. తను చెప్పడానికే ఆ వ్యవధి ఇస్తున్నాడని లెమ్‌కు తెలుసు. వంగి గిటారు పెట్టెలో సర్దుకున్నాడు.

"పక్కింటివాణ్ణమ్మా," అన్నాడు ఆల్ఫియస్. "వీళ్ల నాన్న నాకు బాగా తెలుసు. జనం అనుకునేంత చెడ్డవాడేం కాదు."

"అలాగా! కాస్త పక్కకి జరుగుతారా? ఈయన్నొక్కణ్ణే తియ్యాలి."

ఆల్ఫియస్ జరిగాడు. లెమ్ కెమెరా వైపు తిరిగి, నవ్వాడు.

తర్వాతి రికార్డు అట్ట మీద ఆ ఫోటోనే వేశారు. ఎడమ అంచున నల్లకోటు చెయ్యి ఒకటి సగం పడింది. లెమ్ ఆ తర్వాత ఇంకా ఇరవై ఏళ్లు వాయించాడు, ఏ ఊరెళ్లినా ఆ అట్టల మీద సంతకాలు పెట్టాడు. ఆ చెయ్యి ఎవరిదని ఎవరైనా అడిగితే చెప్పేద్దామనుకునేవాడు. ఒక్కరూ అడగలేదు.