బాపు పానా

నా చిన్నప్పుడు మా బాపు చిటికెన వేలంత పానాను నమ్ముకొని బతికాడు. జనగామ దిక్కు స్పానర్‌ను పానా అంటాం. బాపు పనిచేసే పత్తి మిల్లులో టెలెక్స్ మిషన్‌తో పాటే వచ్చిందది. బొంబాయి నుంచి పత్తి ధర ఆ మిషన్ మీదే టకటకా అచ్చయి వచ్చేది. దాని బుడ్డ నట్లకు మరో పానా పట్టేది కాదు.

ఇప్పుడు అలాంటివి కనిపిస్తే వదలను. పత్రిక పని మీద తిరిగిన రోజుల నుంచీ ఇదే అలవాటు. మహబూబాబాద్, భూపాలపల్లి పాత ఇనుప సామాన్ల కొట్లలో కుప్పలు కెలికి, టెలిప్రింటర్లవి, పాత టెలిఫోన్లవి ఏరుకొస్తాను. కిరోసిన్‌లో నానబెట్టి తుప్పు తుడిచి, ఏ మిషన్‌దో చీటీ రాసి కడతాను. ఎందుకమ్మా అని అడిగినవాళ్లకు సరదా అని చెబుతాను. సరదా కాదు.

చిన్నప్పుడు ఒక ఎండాకాలం రోజున బాపుకు సద్ది తీసుకొని మిల్లుకు వెళ్లాను. ఆ మిషన్ బాగోగులు చూస్తూ ఏళ్ల తరబడి రోజుకూలీగా ఉన్న బాపును పర్మినెంట్ చేయాలా వద్దా అని తేల్చడానికి మిల్లు యజమాని సేటు వచ్చి కూర్చున్నాడు. మిషన్ ఆగి ఉంది. దాని మూత తీసి, పానా బల్ల మీద పెట్టి, బాపు చేతుల జిడ్డు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. కోస్తా నుంచి వచ్చిన మేనేజర్ ఆ పానాను తీసి తన సొరుగులో వేశాడు. నన్ను చూసి కన్నుగీటి, పెదవి మీద వేలు పెట్టుకొని, బిస్కెట్ ఇచ్చాడు. అంత పెద్దాయన నన్ను ఆటలో కలుపుకున్నాడని మురిసిపోయాను.

బాపు వచ్చి వెతుక్కున్నాడు. "సార్, నా పానా పోయింది" అన్నాడు.

"ప్రాణం పోయిందా? మరి నిలబడి మాట్లాడుతున్నావేంటయ్యా!" అన్నాడు మేనేజర్.

గుమస్తాలు పగలబడి నవ్వారు. మేం ప్రాణాన్ని పానం అంటామని ఆయనకు తెలుసు.

"పానం కాదు సార్, పానా. గీడనే పెట్టిన."

"సరిగ్గా వినబడలేదు, ఇంకోసారి చెప్పు."

బాపు మళ్లీ చెప్పాడు. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాడు. బల్ల కింద దూరి, చెత్తబుట్ట బోర్లించి, మోకాళ్ల మీద ఉండి చెప్పాడు. సేటు కూడా నవ్వాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇప్పుడో ఇంకాసేపటికో మేనేజర్ సొరుగు తెరుస్తాడని ఎదురుచూస్తున్నాను.

తెరవలేదు.

"సామాను కాపాడుకోనోనికి మిషన్ ఎట్ల అప్పజెప్పాలె?" అంటూ సేటు లేచాడు.

వారం తిరక్కుండా మేనేజర్ బామ్మర్ది ఆ పనిలో చేరాడు. అదే పానాతో నట్లు బిగించాడు. ఏదో మూల దొరికిందన్నారట. బాపు అదే మిల్లులో పత్తి బోరాలు మోశాడు.

ఇంట్లో అవ్వ, అంటే మా అమ్మ, ఎంత తిట్టినా బాపు ఎవరినీ అనలేదు. "నేనే ఏడనో పెట్టి మరిచిన" అనేవాడు. తన మతిమరుపే మమ్మల్ని పస్తులు పెట్టిందని పోయేదాకా నమ్మాడు.

పత్రికలో ఎందరి తప్పులో పేర్లతో సహా రాశాను. "సొరుగుల ఉంది బాపూ" అని మాత్రం ఆ రోజు అనలేదు. ఆ తర్వాత, ఆయన నడుము వంగిపోయాక కూడా, నోరు రాలేదు.